చనిపోయిన రాజు పేరుతో వెండి నాణేలు: అలెగ్జాండర్ తర్వాత రెండున్నర శతాబ్దాల కథ

నల్ల సముద్రం ఒడ్డున మెసెంబ్రియా అనే గ్రీకు ఊరు ఉండేది, ఇప్పుడు బల్గేరియాలో ఉన్న నెసెబర్ అదే. ఆ ఊరి టంకశాలలో క్రీ.పూ. 65 ప్రాంతం దాకా పెద్ద వెండి నాణేలు వేశారు. వాటి మీద ఊరి పేరు లేదు, ఆ ఊరిని ఏలినవాళ్ల పేరూ లేదు, ఉన్నది అలెగ్జాండర్ పేరు. అలెగ్జాండర్ బాబిలోన్‌లో చనిపోయింది క్రీ.పూ. 323 జూన్‌లో. అంటే దాదాపు రెండున్నర శతాబ్దాల తేడా. ఈ మధ్యలో ఆయన కొడుకును చంపేశారు, వంశం తుడిచిపెట్టుకుపోయింది, సామ్రాజ్యం ముక్కలైంది, ఆయన పుట్టిన మాసిడోనియా రోమ్ కింద ఒక రాష్ట్రంగా మారింది. ఇన్ని మారినా నాణెం మీద పేరు మాత్రం మారలేదు.

దీన్ని చూసి చాలామంది రెండు రకాలుగా పొరబడతారు. కొందరు ఇది అలెగ్జాండర్ మీద భక్తి అనుకుంటారు. ఇంకొందరు ఇవి నకిలీ నాణేలు అనుకుంటారు. రెండూ కాదు. ఇవి అధికారికంగా, మంచి వెండితో, పూర్తి బాధ్యతతో వేసిన నాణేలు. వాటిని వేయించిన వాళ్లలో అలెగ్జాండర్ కుటుంబాన్ని నాశనం చేసిన వాళ్లు కూడా ఉన్నారు, కాబట్టి భక్తి అన్న మాట కూడా నిలవదు. అసలు సంగతి ఏమిటంటే, నాణెం మీద ఎవరి పేరు ఉండాలనేది వేయించేవాడి ఇష్టం మీదకన్నా, దాన్ని చేతిలోకి తీసుకునేవాడి నమ్మకం మీద ఎక్కువ ఆధారపడుతుంది. రాజుకు తన పేరు చూసుకోవాలని ఉండొచ్చు, కానీ జీతం తీసుకునే సైనికుడు, సరుకు అమ్మే వర్తకుడు "ఇది నాకు తెలిసిన డబ్బేనా" అని చూస్తారు. ఈ ఒక్క విషయం పట్టుకుంటే ఆ తర్వాత జరిగిందంతా అర్థమవుతుంది.

ముందు నాణెం గురించి. అలెగ్జాండర్ వేయించిన వాటిలో ముఖ్యమైనది టెట్రాడ్రాక్మా, అంటే నాలుగు డ్రాక్మాల వెండి నాణెం. బరువు సుమారు 17.2 గ్రాములు. బొమ్మ వైపు సింహం తోలు తలకు కప్పుకున్న హెరాక్లీస్ ముఖం, బొరుసు వైపు సింహాసనం మీద కూర్చున్న గ్రీకుల దేవరాజు జ్యూస్, ఆయన కుడి చేతి మీద గద్ద, ఎడమ చేతిలో రాజదండం, పక్కన నిలువుగా అలెగ్జాండర్ పేరు. హెరాక్లీస్ ముఖం అలెగ్జాండర్‌దే అని తర్వాతి కాలంలో చాలామంది అనుకున్నారు, ఇప్పటికీ వేలం ప్రకటనల్లో అలా కనిపిస్తుంది, కానీ మాసిడోనియా రాజులు తమది హెరాక్లీస్ వంశమని చెప్పుకునేవాళ్లు, అలెగ్జాండర్ పుట్టకముందు నుంచే వాళ్ల నాణేల మీద హెరాక్లీస్ ఉన్నాడు. కాబట్టి అది దేవుడి బొమ్మగానే మొదలైంది. ఇక బరువు విషయంలో అలెగ్జాండర్ తీసుకున్న నిర్ణయం బొమ్మలకన్నా ముఖ్యం. ఆయన తండ్రి ఫిలిప్ వెండి నాణేలు మాసిడోనియా కొలత ప్రకారం ఉండేవి, కొడుకు మాత్రం ఏథెన్స్ కొలతకు మారాడు. గుడ్లగూబ బొమ్మ ఉన్న ఏథెన్స్ నాణేలు అప్పటికే మధ్యధరా సముద్రం చుట్టూ చెల్లుతున్నాయి, అదే బరువుతో కొత్త నాణెం వేస్తే ఎవరూ కొత్తగా లెక్కలు నేర్చుకోవాల్సిన పని లేదు.

ఆ కాలంలో ఈ డబ్బు విలువ ఎంత అంటే, క్రీ.పూ. 329 ప్రాంతంలో ఏథెన్స్ దగ్గర ఎల్యూసిస్ గుడి పనుల లెక్కలు రాతి మీద చెక్కి ఉన్నాయి, వాటి ప్రకారం మామూలు కూలీకి రోజుకు ఒకటిన్నర డ్రాక్మా, పని తెలిసినవాడికి రెండు నుంచి రెండున్నర. అంటే ఒక టెట్రాడ్రాక్మా రెండు మూడు రోజుల కూలి. చిల్లర ఖర్చుకు పనికొచ్చే నాణెం కాదు, జీతాలకు, పెద్ద కొనుగోళ్లకు, పన్నులకు, దాచుకోవడానికి వాడే డబ్బు. ఈ తేడా గుర్తుపెట్టుకోవాలి, ఎందుకంటే చనిపోయిన రాజు పేరు నిలిచింది ఈ పెద్ద నాణేల మీదే. ఊళ్లో కూరగాయలు కొనుక్కునే రాగి నాణేల మీద ఆ ఊరి గుర్తులే ఉండేవి, అక్కడ ఎవరికీ పాత పేరుతో అవసరం లేదు.

పర్షియా ఖజానాలు చేతికి వచ్చాక ఈ నాణేల సంఖ్య ఊహకు అందనంత పెరిగింది. ఒక్క పెర్సెపొలిస్‌లోనే 1,20,000 టాలెంట్ల విలువైన నిధి దొరికిందని ప్రాచీన చరిత్రకారులు రాశారు. టాలెంట్ అంటే సుమారు 26 కిలోల వెండి. ఆ అంకెలో అతిశయోక్తి ఉన్నా, తరాల తరబడి గిడ్డంగుల్లో నిద్రపోయిన లోహం కొద్ది ఏళ్లలో నాణేలై బయటకు వచ్చిందన్నది మాత్రం నిజం. ఆంఫిపోలిస్, టార్సస్, సిడోన్, అరడోస్, బాబిలోన్, మెంఫిస్ ఇలా ఒకదానికొకటి వందల మైళ్ల దూరంలో ఉన్న టంకశాలలన్నీ ఒకే బొమ్మతో, ఒకే బరువుతో కొట్టాయి. క్రీ.పూ. 324లో ఓపిస్ దగ్గర అలెగ్జాండర్ పది వేల మంది పాత సైనికులను ఇంటికి పంపించాడు, జీతం బాకీ కాకుండా మనిషికి ఒక టాలెంట్ చొప్పున ఇచ్చాడని ప్రాచీన చరిత్రకారుడు ఏరియన్ రాశాడు. పశ్చిమ ఆసియా మైనర్ (ఇప్పటి టర్కీ) టంకశాలల్లో ఆ సమయంలోనే చిన్న డ్రాక్మాలు కుప్పలుగా వేయడానికి ఇలా ఇంటికి వెళ్లే సైనికులే కారణమని మార్గరెట్ థాంప్సన్ అనే నాణేల పరిశోధకురాలు వాదించారు. ఆ వాదన ఎంతవరకు సరైనది అన్నది పక్కన పెట్టినా, అలెగ్జాండర్ నాణెం ముందు సైనికుడి సంచిలోకి, అక్కడి నుంచి గ్రీసు, థ్రేస్, ఆసియా ఊళ్లలోకి వెళ్లిందన్నది స్పష్టం. ఆయన చనిపోయేనాటికి అది చాలామందికి బాగా తెలిసిన పెద్ద డబ్బు.

ఆ తర్వాత ఏమైంది? రాజ్యం ఇద్దరు పేరుకు మాత్రమే రాజులైన వాళ్ల చేతిలో పడింది. ఒకరు అలెగ్జాండర్ సవతి అన్న, మానసికంగా బలహీనుడైన అర్రిడేయస్, మూడో ఫిలిప్ అని పేరు పెట్టుకున్నాడు. రెండోవాడు అలెగ్జాండర్ చనిపోయాక పుట్టిన కొడుకు, నాలుగో అలెగ్జాండర్. కొన్ని టంకశాలలు క్రీ.పూ. 317 దాకా అవే బొమ్మలతో ఫిలిప్ పేరు వేశాయి, మిగతావి అలెగ్జాండర్ పేరే కొనసాగించాయి. చట్టం ప్రకారం చూస్తే అది తప్పు కూడా కాదు, ఎందుకంటే ఆ పసివాడి పేరు కూడా అలెగ్జాండరే. కానీ క్రీ.పూ. 310 ప్రాంతంలో ఆ పిల్లవాడిని, అతని తల్లి రొక్సానాను అప్పుడు మాసిడోనియాను చేతిలో ఉంచుకున్న కసాండర్ చంపించాడు. అంతకుముందు అలెగ్జాండర్ తల్లి ఒలింపియాస్ చావుకు కూడా కారణం అతనే. తర్వాత తానే రాజునని ప్రకటించుకున్నాడు. అలాంటి కసాండర్ తన వెండి నాణేల మీద ఏ పేరు వేయించాడు? అలెగ్జాండర్ పేరు! తన పేరు వేసుకున్నది రాగి నాణేల మీద మాత్రమే. ఈ మొత్తం కథలో ఇంతకన్నా గట్టి సాక్ష్యం ఇంకోటి లేదు. ఆ కుటుంబాన్ని ద్వేషించినవాడు, ఆ వారసుడిని చంపినవాడు, మాసిడోనియాకు రాజైనవాడు కూడా వెండి దగ్గరకు వచ్చేసరికి ఆ పేరును తీసేయలేకపోయాడు. తీసేస్తే తన సైనికులు ఆ నాణేన్ని తిప్పి తిప్పి చూస్తారు, తూకం వేస్తారు, వెలుపలి వర్తకుడు విలువలో కోత పెడతాడు. ఆ రిస్క్ ఎందుకు?

రాజ్యాన్ని పంచుకున్న మిగతా సేనానుల్లో టాలమీ ఒక్కడే తొందరగా దారి మార్చాడు. ఈజిప్టులో ఆయన ముందు ఏనుగు తోలు కప్పుకున్న అలెగ్జాండర్ బొమ్మ వేయించాడు, తర్వాత బరువు తగ్గించాడు, రాజయ్యాక తన ముఖమే పెట్టుకున్నాడు. ఆయనకు అది ఎలా కుదిరిందంటే, ఈజిప్టులోకి వచ్చే విదేశీ నాణేలన్నీ అప్పగించి స్థానిక నాణేలు తీసుకోవాల్సిందే అనే కట్టడి పెట్టగలిగాడు కాబట్టి. తలుపులు మూసుకున్న మార్కెట్లో రాజు మాట చెల్లుతుంది, తెరిచి ఉన్న మార్కెట్లో చెల్లదు. ఆశ్చర్యం ఏమిటంటే ఆ టాలమీ ముఖం కూడా తర్వాత అదే పని చేసింది. ఆయన క్రీ.పూ. 283 ప్రాంతంలో చనిపోయాడు, కానీ ఆయన వారసులు రెండు శతాబ్దాలకు పైగా టెట్రాడ్రాక్మాల మీద ఎక్కువగా ఆ మొదటి టాలమీ ముఖాన్నే కొట్టించారు. రాజులందరి పేరూ టాలమీయే కాబట్టి పేరు మార్చే అవసరం కూడా రాలేదు. ఏ నాణెం ఏ టాలమీ కాలానిదో తేల్చడం ఇప్పటికీ నిపుణులకు పెద్ద తలనొప్పి.

లైసిమాకస్ కథ ఇంకా వింతగా ఉంటుంది. థ్రేస్‌ను ఏలిన ఈయన క్రీ.పూ. 297 ప్రాంతం నుంచి కొత్త నాణెం వేయించాడు. ఒక వైపు చెవి పక్కన పొట్టేలు కొమ్ము ఉన్న అలెగ్జాండర్ ముఖం, అంటే అమ్మోన్ దేవుడి కొడుకుగా, రెండో వైపు కూర్చున్న ఎథీనా, లైసిమాకస్ పేరు. క్రీ.పూ. 281లో కొరుపీడియం యుద్ధంలో ఆయన చనిపోయాడు, రాజ్యం కూడా ఆయనతోనే పోయింది. వారసత్వం లేదు, పేరు నిలబెట్టే వంశం లేదు. అయినా బైజాంటియం, కాల్సెడోన్, టోమిస్ లాంటి ఊళ్లు ఆయన పేరుతో ఆ నాణేలను దాదాపు రెండు వందల ఏళ్లు కొట్టాయి. చనిపోయిన ఒకరి ముఖం, చనిపోయిన ఇంకొకరి పేరు, వేయించింది మాత్రం ఈ ఇద్దరితో సంబంధం లేని ఒక రేవు పట్టణం. బైజాంటియంకు ఇలాంటి నాణేల అవసరం ఎంత ఉండేదో ఒక లెక్క చెబుతుంది. పక్కనే టైలిస్‌లో స్థిరపడిన గలేషియన్లు అనే కెల్ట్ తెగవాళ్లు ఆ ఊరిని దోచుకోకుండా ఉండటానికి ఏటా కప్పం అడిగేవాళ్లు, అది పెరుగుతూ పోయి ఏడాదికి 80 టాలెంట్లకు చేరిందని గ్రీకు చరిత్రకారుడు పొలీబియస్ రాశాడు. అంటే రెండు వేల కిలోలకు పైగా వెండి. అంత డబ్బు తీసుకునేవాడికి తనకు అలవాటైన రూపంలోనే ఇవ్వాలి.

ఇక్కడ ఒక ప్రశ్న వస్తుంది. ఈ నాణేలన్నీ ఒకేలా ఉంటే ఏది ఎక్కడ, ఎప్పుడు వేశారో ఎలా చెబుతారు? జ్యూస్ చేతి కింద, సింహాసనం కింద చిన్న గుర్తులు ఉంటాయి. రోడ్స్ అయితే గులాబీ, కియోస్ అయితే స్ఫింక్స్, మిలెటస్ అయితే వెనక్కి తిరిగి చూసే సింహం, కొలొఫోన్ అయితే వీణలాంటి లైర్, అలబండ అయితే రెక్కల గుర్రం, అరడోస్ అయితే తాటిచెట్టులాంటి ఖర్జూర చెట్టు, మెసెంబ్రియా అయితే శిరస్త్రాణం. వాటితో పాటు అధికారుల పేర్లను ఒకే గుర్తుగా కలిపి చెక్కిన అక్షరాలు. అంటే ఊరు తన ఉనికిని పూర్తిగా దాచుకోలేదు, తెలిసినవాడు చూస్తే తెలుస్తుంది, బాధ్యత ఎవరిదో తేలుతుంది. పెద్ద అక్షరాల్లో మాత్రం అలెగ్జాండర్.

జ్యూస్ కాళ్లు పక్కపక్కన ఉంటే అలెగ్జాండర్ బతికి ఉన్నప్పటిది, ఒకదాని వెనక ఒకటి పెట్టుకుంటే చనిపోయాక వేసినది అని ఒక సూత్రం బాగా ప్రచారంలో ఉంది. అది కొంతవరకే పనికొస్తుంది. తూర్పు టంకశాలలు కొన్ని ఆయన బతికి ఉండగానే కాళ్లు మార్చాయి, ఆంఫిపోలిస్ ఆయన పోయాక కూడా పాత పద్ధతినే చాలా కాలం కొనసాగించింది. "రాజు" అన్న బిరుదు ఉంటే చనిపోయాక వేసినది అన్న సూత్రం కూడా అంతే, చివరి రెండు మూడేళ్లలో కొన్ని టంకశాలలు ఆ బిరుదు వేశాయి. నిజంగా తేల్చేది గుర్తుల కలయిక, ఒకే అచ్చుతో కొట్టిన నాణేల మధ్య సంబంధం, ఏ నిధిలో ఏవి కలిసి దొరికాయన్న వివరం. 1905లో ఈజిప్టులోని దమన్హూర్‌లో దొరికిన నిధి ఈ విషయంలో మలుపు. సుమారు ఎనిమిది వేల టెట్రాడ్రాక్మాలు, క్రీ.పూ. 318 ప్రాంతంలో పాతిపెట్టినవి. ఎడ్వర్డ్ న్యూవెల్ ఆ నాణేలను ఒక్కొక్కటిగా పోల్చి ఏ టంకశాలలో ఏ క్రమంలో వేశారో నిర్ణయించాడు, 1923లో ఆ పని అచ్చయింది. 1991లో మార్టిన్ ప్రైస్ బ్రిటిష్ మ్యూజియం తరఫున తెచ్చిన రెండు సంపుటాల పట్టిక ఇప్పటికీ ఈ రంగంలో అందరూ వాడే ఆధారం. నాణేల అమ్మకాల్లో కనిపించే "ప్రైస్ నంబర్" ధర కాదు, ఆ పట్టికలో ఆ నాణెం వరుస సంఖ్య. కొత్తగా ఈ సరదా మొదలుపెట్టినవాళ్లకు ఇక్కడ తికమక వస్తుంది.

క్రీ.పూ. రెండో శతాబ్దంలో పరిస్థితి ఇంకో మెట్టు ఎక్కింది. మాగ్నీషియా యుద్ధంలో సిరియాను ఏలిన సెల్యూకిడ్ వంశపు రాజు మూడో ఆంటియోకస్‌ను రోమ్ ఓడించింది, క్రీ.పూ. 188లో అపామియా ఒప్పందంతో ఆసియా మైనర్‌లో చాలా ఊళ్లకు స్వేచ్ఛ దొరికింది. స్వేచ్ఛ దొరికిన ఊరు మొదట తన పేరుతో నాణెం వేసుకుంటుందని ఎవరైనా అనుకుంటారు. కానీ ఆ కాలంలో టెమ్నోస్, అలబండ, కైమే, మిరినా లాంటి ఊళ్లు విరివిగా వేసినవి అలెగ్జాండర్ నాణేలే. ఆసియా మైనర్ దక్షిణాన పాంఫీలియా తీరంలోని అస్పెండోస్, పెర్గే అయితే ఈ ఒప్పందానికి ముందు నుంచే ఏటా సంవత్సరం అంకె వేసి మరీ కొట్టాయి. రూపం మాత్రం మారింది. అలెగ్జాండర్ కాలపు నాణెం మందంగా, 25 మిల్లీమీటర్ల ప్రాంతంలో వెడల్పుతో ఉండేది, ఇవి పలచగా, వెడల్పుగా, కొన్ని 35 మిల్లీమీటర్లు దాటి ఉంటాయి. వెండి బిళ్లను బాగా సాగగొట్టి, మధ్యలో అచ్చు వేసేవాళ్లు. హెరాక్లీస్ ముఖం కూడా ఊరిని బట్టి మారిపోయింది, కొన్నింటిలో కండలు తిరిగి, కొన్నింటిలో ఉబ్బిన బుగ్గలతో, కొన్నింటిలో నిజంగా అద్భుతంగా.

స్వతంత్రమైన ఊళ్లు ఇలా ఎందుకు చేశాయో అర్థం చేసుకోవాలంటే రోడ్స్‌ను చూడాలి. రోడ్స్ బలమైన నౌకాదళం ఉన్న వ్యాపార ద్వీపం, ఎవరికీ తలవంచాల్సిన అవసరం లేని స్థితి. దానికి సొంత నాణెం ఉంది, ఒక వైపు సూర్యదేవుడు హీలియోస్, ఇంకో వైపు గులాబీ, టెట్రాడ్రాక్మా బరువు 13 గ్రాముల చిల్లర మాత్రమే. అదే రోడ్స్ క్రీ.పూ. 200 ప్రాంతంలో, యుద్ధాల సమయంలో, 17 గ్రాములకు దగ్గరగా అలెగ్జాండర్ నాణేలు కూడా కొట్టింది. ఇంట్లో వాడుకోవడానికి సొంత డబ్బు, బయటి వాళ్లకు చెల్లించడానికి అలెగ్జాండర్ డబ్బు. సొంత పేరు వేసుకోవడం చేతకాక కాదు, బయటివాడు ఏది తీసుకుంటాడో తెలిసి చేసిన పని. అప్పట్లో ఈ నాణేలు ఎంత దూరం తిరిగాయో వాటి మీదున్న పైముద్రలే చెబుతాయి. పాంఫీలియా నాణేల మీద చిన్న లంగరు గుర్తు కొట్టి ఉంటుంది, అది సెల్యూకిడ్ల గుర్తు, అంటే ఆ నాణెం సిరియాలోకి వెళ్లి, అక్కడ పరీక్షకు నిలిచి, మళ్లీ చలామణిలోకి వచ్చింది.

బొమ్మలు అలాగే ఉంచి పేరు మాత్రం మార్చినవాళ్లు లేకపోలేదు. సెల్యూకిడ్ వంశాన్ని మొదలుపెట్టిన సేనాని సెల్యూకస్ కొన్నాళ్లు అలెగ్జాండర్ పేరు కొనసాగించి, తర్వాత అదే హెరాక్లీస్, అదే జ్యూస్ పెట్టి తన పేరు చెక్కించాడు. స్పార్టా రాజు అరియస్ కూడా అలాగే చేశాడు, కానీ ఆ నాణేలు ఇప్పుడు చాలా అరుదు. పేరు మార్చినా బొమ్మ వదులుకోలేదంటే, తీసుకునేవాడి కన్ను ముందు బొమ్మ మీదే పడుతుందని వాళ్లకు తెలుసు.

చదవడం రాని చోట ఇది ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. డాన్యూబ్ నది చుట్టూ ఉన్న కెల్ట్ తెగలు ఫిలిప్, అలెగ్జాండర్ నాణేలకు అలవాటుపడి, తర్వాత తామే అలాంటివి కొట్టుకున్నారు. తరం మారేకొద్దీ అక్షరాలు గీతలయ్యాయి, గీతలు చుక్కలయ్యాయి, ఫిలిప్ నాణేల మీది గుర్రం కాళ్లు విడిపోయాయి, జ్యూస్ ఒక కర్రబొమ్మ అయ్యాడు. వెండి మాత్రం వెండే. అటువైపు అరేబియాలో కూడా ఇదే జరిగింది. ఇప్పుడు షార్జాలో ఉన్న మలీహాలో అలెగ్జాండర్ నమూనా నాణేలు దొరికాయి, గల్ఫ్ తీరంలో కొన్నింటి మీద అలెగ్జాండర్ పేరు పోయి అబియెల్ అనే స్థానిక పేరు వచ్చింది. గల్ఫ్‌లో పనిచేసే తెలుగువాళ్లు సెలవు రోజున వెళ్లి చూడదగ్గ చోటు అది.

రోమన్ల దగ్గరకు వచ్చేసరికి ఈ పద్ధతి ఎంత లోతుగా పాతుకుపోయిందో తెలుస్తుంది. క్రీ.పూ. 64లో రోమన్ సేనాని పాంపే సిరియాను రోమ్ రాష్ట్రంగా మార్చాడు. అప్పటికి సెల్యూకిడ్ వంశం అన్నదమ్ముల కొట్లాటలతో చితికిపోయి ఉంది. ఆ కొట్లాటల్లో ఒక భాగస్వామి మొదటి ఫిలిప్, ఫిలడెల్ఫస్ అని బిరుదు, చరిత్రలో చెప్పుకోదగ్గ పని ఏదీ చేయని రాజు. రోమన్ గవర్నర్ గబీనియస్ క్రీ.పూ. 57 నుంచి 55 వరకు సిరియాలో ఉన్నాడు, అతను అంటియోక్‌లో వెండి టెట్రాడ్రాక్మాలు వేయించాల్సి వచ్చినప్పుడు ఎంచుకున్నది ఈ ఫిలిప్‌నే. ఫిలిప్ ముఖం, ఫిలిప్ పేరు, ఫిలిప్ బిరుదులు, వెనక కూర్చున్న జ్యూస్. గబీనియస్ పేరు అక్షరాలు కలిపిన చిన్న గుర్తుగా మాత్రమే ఉంటుంది. తర్వాత వచ్చిన క్రాసస్, కాసియస్ కూడా అదే చేశారు. ఆ తర్వాత సీజర్ శకం ప్రకారం సంవత్సరం అంకెలు వేస్తూ అగస్టస్ కాలంలో క్రీ.పూ. 17 ప్రాంతం వరకు ఇవి కొనసాగాయి. ప్రపంచాన్ని జయించిన రోమ్, తన సైన్యం, తన పన్నుల యంత్రాంగం అన్నీ ఉన్న రోమ్, ఒక ఓడిపోయిన వంశంలోని ఒక మామూలు రాజు పేరుతో దాదాపు నలభై ఏళ్లు నాణేలు కొట్టింది. ఫిలిప్‌నే ఎందుకు? ఆయన గొప్పతనం కాదు, ఆయన కాలంలో వేసిన నాణేలు సంఖ్యలో చాలా ఎక్కువ, సిరియా బజారులో అప్పటికి ఎక్కువగా తిరుగుతున్నవి అవే. పేరు గొప్పదైతేనే నిలుస్తుంది అనుకునేవాళ్లు ఈ నాణెం ముందు ఆగి ఆలోచించాలి. అలెగ్జాండర్ పేరు నిలవడానికి కారణం ఆయన విజయాలు అని చెప్పడం సులువు, కానీ అదే పద్ధతిలో ఫిలిప్ పేరు, లైసిమాకస్ పేరు నిలిచాయంటే అసలు కారణం కీర్తి కాదు, చలామణిలో ఉన్న పరిమాణం, తూకంలో నిలకడ.

మాసిడోనియాలో కూడా రోమన్లు ఇదే దారి పట్టారు. క్రీ.పూ. మొదటి శతాబ్దం తొలి దశకాల్లో ఏసిల్లాస్ అనే రోమన్ ఖజానా అధికారి పేరుతో వచ్చిన టెట్రాడ్రాక్మాల మీద ముందు వైపు కొమ్మున్న అలెగ్జాండరే ఉన్నాడు, వెనక హెరాక్లీస్ గద, డబ్బు పెట్టె, అధికారి కుర్చీ. చనిపోయినవాడి ముఖం, బతికున్న గుమస్తా పేరు ఒకే నాణెం మీద.

మన వైపు కూడా ఈ కథకు ఒక కొస ఉంది. కాబూల్ ప్రాంతాన్ని ఏలిన చివరి గ్రీకు రాజుల్లో హెర్మేయస్ ఒకడు, క్రీ.పూ. మొదటి శతాబ్దం మొదటి భాగం. ఆయన నాణేల మీద ఒక వైపు గ్రీకు, ఇంకో వైపు ఖరోష్ఠి లిపిలో "మహారాజస త్రతరస హేరమయస" అని ప్రాకృతం. ఆయన తర్వాత ఆ ప్రాంతాన్ని మధ్య ఆసియా నుంచి వచ్చిన సంచార తెగలు ఆక్రమించాయి, కానీ నాణేలు ఆయన పేరుతోనే కొట్టుకుంటూ పోయాయి. ఇక్కడ అలెగ్జాండర్ నాణేలకు పూర్తిగా వ్యతిరేకమైన దారి కనిపిస్తుంది. వెండి శాతం తగ్గుతూ తగ్గుతూ చివరకు రాగి నాణేలయ్యాయి, గ్రీకు అక్షరాలు తప్పుల తడక అయ్యాయి. చివరికి కుషాణుల రాజు కుజుల కద్ఫీసెస్ వేయించిన నాణేలు వచ్చాయి, ముందు హెర్మేయస్ ముఖం, హెర్మేయస్ పేరు, వెనక హెరాక్లీస్, చుట్టూ కుజుల పేరు. కుజుల, హెర్మేయస్ ఇద్దరూ కలిసి పాలించారని ఒకప్పుడు చరిత్రకారులు ఈ నాణెం చూసే రాశారు. ఇద్దరి మధ్య దాదాపు వందేళ్ల దూరం ఉందని తర్వాత తేలింది. నాణెం మీదున్న పేరును పాలకుడి పేరుగా అలాగే తీసుకుంటే చరిత్ర ఎంత తప్పుగా రాస్తామో చెప్పడానికి ఇది చాలు.

చనిపోయిన రాజుల పేర్లున్న ప్రతి నాణెం ఇదే కోవలోకి రాదని కూడా గమనించాలి. బాక్ట్రియా (ఇప్పటి ఉత్తర అఫ్గానిస్తాన్ ప్రాంతం) రాజు అగాథోక్లీస్ క్రీ.పూ. 185-180 ప్రాంతంలో ఒక వరుస వేయించాడు, అందులో ఫిలిప్ కొడుకు అలెగ్జాండర్, డయోడోటస్, యూథిడెమస్ లాంటి వాళ్లకు ఒక్కొక్కరికి ఒక్కో నాణెం, వెనక మాత్రం అగాథోక్లీస్ పాలనలో అని తన పేరు. ఇది నమ్మకం కోసం పాత పేరు వాడుకోవడం కాదు, ఆ గొప్పవాళ్ల వరుసలో నేనూ ఉన్నాను అని చెప్పుకునే రాజకీయం. తన పేరు తీసేసి పాత పేరు పెట్టడం, పాత పేరు పక్కన తన పేరు పెట్టుకోవడం రెండూ వేర్వేరు పనులు.

తెలుగు నేల మీద చేతులు మారిన నాణేల్లోనూ ఇదే పద్ధతి జరిగింది. మొఘల్ చక్రవర్తి రెండో ఆలంగీర్‌ను 1759లో హత్య చేశారు. ఈస్టిండియా కంపెనీ మద్రాసు టంకశాల ఆయన పేరుతో, హిజ్రీ 1172, పాలన 6వ సంవత్సరం అని గడ్డకట్టిన తేదీతో ఆర్కాటు రూపాయలను పందొమ్మిదో శతాబ్దంలో కూడా కొట్టింది. ఆవిరి యంత్రాలు, కొత్త అచ్చులు వచ్చినా పేరు, తేదీ మారలేదు. కోస్తా, రాయలసీమ జిల్లాల్లో చాలా భాగం మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేది కాబట్టి ఇక్కడి జనం చేతుల్లో తిరిగిన రూపాయి కూడా అదే. 1835లో నాలుగో విలియం ముఖంతో ఒకే రకం రూపాయి వచ్చాకే ఆ అధ్యాయం ముగిసింది. హైదరాబాద్‌లో నిజాములు 1857 దాకా మొఘల్ బాదుషా పేరు వేయించారు, ఆ తర్వాత ఆసఫ్ జా పేరు వచ్చింది. 1748లో చనిపోయిన వంశస్థాపకుడి పేరు అది, వారసులంతా పెట్టుకున్న బిరుదు కూడా కాబట్టి పూర్తిగా అదే కోవ అనలేం. కానీ చార్మినార్ బొమ్మ ఉన్న నాణేల్లో గుమ్మం మధ్యలో ఉర్దూలో ఒక చిన్న అక్షరం ఉంటుంది, మహబూబ్ అలీ ఖాన్ అయితే "మీమ్", ఉస్మాన్ అలీ ఖాన్ అయితే "ఐన్". పెద్ద అక్షరాల్లో పాత పేరు, వేయించినవాడు ఎవరో చెప్పే గుర్తు మాత్రం చిన్నగా. రోడ్స్ గులాబీ చేసిన పని కూడా అదే.

ఇవాళ నాణేల అమ్మకాల్లో "లైఫ్‌టైమ్" (బతికున్నప్పటిది) అని పేర్కొంటే ధర ఎక్కువ, చనిపోయాక వేసినది అంటే ధర తక్కువ. ఆ నాణెం అలెగ్జాండర్ బతికున్న రోజుల్లోది అన్న థ్రిల్ కోసం జనం ఎక్కువ ఇస్తారు, అది అర్థం చేసుకోదగ్గదే. కానీ చరిత్ర కోసం చూసేవాళ్లకు ఈ లెక్క తలకిందులుగా ఉంది. ఆయన బతికి ఉన్నప్పటి నాణెం ఎక్కువగా చెప్పేది ఒక విజేత ఖజానా గురించి. తర్వాతివి చెప్పేవి అంతకన్నా చాలా ఎక్కువ. అరడోస్, అస్పెండోస్, పెర్గే నాణేల మీద సంవత్సరాలు ఉండటం వల్ల ఏ ఏడు ఎంత వెండి బయటకు వచ్చిందో, ఏ యుద్ధానికి ముందు టంకశాల వేగం పెరిగిందో అంచనా వేయొచ్చు. దొరికిన నాణేల్లో ఎన్ని వేర్వేరు అచ్చులు ఉన్నాయో లెక్కపెట్టి మొత్తం ఎన్ని కొట్టి ఉంటారో లెక్కగట్టే పద్ధతి ఉంది, దానితో ఒక చిన్న ఊరి ఖర్చు ఎంతో, ఆ ఊరు కిరాయి సైన్యానికి ఎంత పెట్టగలిగేదో తెలుస్తుంది, అలాంటి చాలా ఊళ్ల గురించి రాతలో మిగిలింది రెండు మూడు వాక్యాలే. అమెరికన్ న్యూమిస్మాటిక్ సొసైటీ "పెల్లా" అనే పేరుతో అలెగ్జాండర్ నాణేల రకాలన్నింటినీ ఫోటోలతో ఆన్‌లైన్‌లో ఉచితంగా పెట్టింది, మెసెంబ్రియా శిరస్త్రాణం గుర్తు నుంచి బాబిలోన్ అక్షరాల దాకా ఎవరైనా పోల్చి చూసుకోవచ్చు. అందులో టంకశాల పేరుతో వెతికి, ఒకే ఊరి నాణేలను మొదటి నుంచి చివరి దాకా వరుసగా చూస్తే, జ్యూస్ సింహాసనం వీపు ఎప్పుడు పెరిగిందో, బిళ్ల ఎప్పుడు పలచబడిందో, చెక్కేవాడి చెయ్యి ఎప్పుడు మారిందో కళ్లకు కనిపిస్తుంది.